ఇంటర్ అయ్యాక ఏడాది ఖాళీ: కోనసీమలో పొద్దెలా గడపాలి, మనుషులెలా పరిచయమవుతారు?

మెరకతోట | జూన్ 11
ఇంటర్ బైపీసీ అయిపోయింది. ఈ ఏడాది ఎక్కడా చేరట్లేదు, డిగ్రీ వచ్చే జూన్‌లోనే. ఎందుకని అడక్కండి, ఇంట్లో అడిగినవాళ్లు చాలు. ఊరు అమలాపురానికి 9 కిలోమీటర్లు. సైకిలుంది. నెలకి 500 దాకా ఖర్చు పెట్టగలను. సాయంత్రం 7 లోపు ఇంటికి చేరాలి, దాంట్లో బేరం లేదు. తోటివాళ్లంతా విజయవాడ, వైజాగ్ హాస్టళ్లలో ఉన్నారు. పొద్దున్న పది దాటాక ఫోను చూడ్డం తప్ప పని లేదు. "ధ్యానం చెయ్యి, డైరీ రాయి" అనేవాళ్లు దయచేసి ముందుకెళ్లిపోండి. ఎక్కడికెళ్లాలి, ఏ వేళకి, అక్కడ ఏం చెయ్యాలి, ఎవరు తగులుతారు? అది చెప్పండి.

ఆయ్_మరేనండి | జూన్ 11
గోదారి జిల్లాలో మనుషులు దొరకట్లేదంటారేటండీ. అమలాపురంలో బస్సెక్కండి, రావులపాలెం వచ్చేలోపు పక్కసీటావిడ మీ గోత్రం దాకా లాగేస్తారు, ఆయ్.

గ్రంథాలయం_బల్ల | జూన్ 11
అమ్మాయ్, ముందు శాఖా గ్రంథాలయం. మామూలుగా పొద్దున్న 8–11, సాయంత్రం 4–7 తెరుస్తారు, శుక్రవారం సెలవు. నీకు పొద్దుటిదే కుదురుతుంది. ఆధార్ జిరాక్సు, కొంచెం డిపాజిట్టు కడితే పుస్తకాలు ఇంటికిస్తారు, మానేసినప్పుడు డిపాజిట్టు తిరిగిస్తారు. రోజూ ఒకే వేళకి, వీలైతే ఒకే బల్ల దగ్గరికి వెళ్లు. ఆ వేళలో ఉండేది డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకి చదివే అక్కలూ అన్నలూ. ఊరికే కూర్చుంటే ఎవరూ పలకరించరు. రోజూ పేపరు చూసి ఓ పది బిట్లు రాసుకెళ్లి "ఇవి చూస్తారా?" అని అందించు, వారంలో వాళ్లే అడుగుతారు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలకి వ్యాసరచన, క్విజ్ పెట్టాలి, పేపర్లు దిద్దాలి, బహుమతులు సర్దాలి. లైబ్రేరియన్ ఒక్కరే ఉంటారు, మనిషి సాయం కావాలి. అక్టోబరులోనే పేరిచ్చి ఉంచు.

పంటు_రేవు | జూన్ 11
చదువుకి ఏడాది సెలవిచ్చిన పిల్లని మళ్లీ పరీక్షల బల్ల దగ్గర కూర్చోబెడతారా? అక్కడ దగ్గితే కూడా తల తిప్పి చూస్తారు.

గ్రంథాలయం_బల్ల | జూన్ 11
@పంటు_రేవు, లోపల దగ్గకూడదు. సైకిళ్ల స్టాండు దగ్గర పావుగంట దగ్గుకోవచ్చు. పరిచయాలన్నీ అక్కడే.

కడియం_అంట్లు | జూన్ 11
బైపీసీ అన్నావు కాబట్టి చెబుతున్నా. అంటు కట్టడం నేర్చుకో. పైసా ఖర్చుండదు, చెయ్యి తిరిగాక కడియపులంకలో ఏ నర్సరీ గుమ్మమెక్కినా మాట కలుస్తుంది. జామ, దానిమ్మ, నిమ్మ, ఈ మూడింట్లో ఏదో ఒకటి మీ దొడ్లో ఉండే ఉంటుంది. గాలి అంటుతో, అంటే కొమ్మకి చెట్టు మీదుండగానే వేళ్లు రప్పించడంతో మొదలెట్టు, మామిడి జోలికి ఇప్పుడే పోకు.

పెన్సిలు లావు కొమ్మ చూడు, కిందటేడు వచ్చిందై ఉండాలి. చివరి నుంచి మూరెడు లోపలికి, కణుపుకి కాస్త కింద, బెరడు ఉంగరంలా 2.5 నుంచి 3 సెంటీమీటర్లు ఒలిచెయ్యి. ఒలిచాక కొయ్య మీద జిగురుగా, వేలికి జారేలా పొరుంటుంది. చాకు వీపుతో చుట్టూ గీకి పొడి కొయ్య తేలేలా చెయ్యాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. ఆ పొర దారమంత మిగిలినా బెరడు మళ్లీ కలిసిపోయి కొమ్మ హాయిగా బతికేస్తుంది, వేరు మాత్రం రాదు.

తర్వాత కొబ్బరి పొట్టు. పీచు మిల్లు నుంచి తెచ్చిన కొత్త పొట్టయితే ఎర్రనీళ్లు దిగడం ఆగేదాకా మూడు నాలుగుసార్లు కడుగు. గుప్పిట్లో పిండితే చెయ్యి తడవాలి, చుక్క కారకూడదు. కోడిగుడ్డు కంటే కాస్త పెద్ద ముద్ద, ఒలిచిన చోటు పూర్తిగా కప్పేలా పెట్టి, పల్చటి పాలిథీన్ చుట్టి రెండు కొసలూ పురికొసతో బిగించు. పై ముడి మరీ గట్టిగా ఉండాలి. అది వదులైతే వాన నీళ్లు దిగి లోపల కుళ్లిపోతుంది. వానలు పట్టాక కట్టినవి 45 నుంచి 60 రోజుల్లో వేళ్లేస్తాయి. ఒకటి కాదు, మూడు నాలుగు కట్టు.

మెరకతోట | జూన్ 11
జామ ఉంది, నిమ్మ కూడా. కానీ అంకుల్, కట్టాక యాభై రోజులు కొమ్మ వంక చూస్తూ కూర్చోవడమేనా? నర్సరీకి ఏమని వెళ్లాలి?

కడియం_అంట్లు | జూన్ 11
"పని నేర్చుకుంటాను" అని వెళితే పొమ్మనరు, కానీ ఎవరూ పట్టించుకోరు. "జామ గాలి అంట్లు కడుతున్నా, సంచుల్లోకి మార్చడం చూడాలి" అని వెళ్లు. పొద్దున్న 8 లోపు చేరాలి. పదయ్యాక లారీలు, బేరాలు మొదలైతే మాట్లాడే మనిషి దొరకడు. సంచులు నింపే చోట ఆడవాళ్లే ఎక్కువ, నువ్వు కూర్చోవలసింది వాళ్ల పక్కన.

ఇసుకమేట | జూన్ 11
అంతా బాగానే ఉంది కానీ ఒక్క మాట. "నేర్పుతాం" అనే చోట ఉచిత చాకిరీ చేయించుకోవడం మామూలే. నర్సరీ అయినా, ల్యాబయినా, కంప్యూటర్ సెంటరయినా వెళ్లిన రోజే అడుగు: రోజుకి ఎన్ని గంటలు, ఎన్ని వారాలు, ఏ పని నా చేత్తో చెయ్యనిస్తారు? మూడోదానికి జవాబు రాకపోతే పదిహేను రోజుల్లో మానెయ్యి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వకు. జిరాక్సు మీద కూడా ఎందుకిస్తున్నావో రాసి సంతకం పెట్టు.

ఆయ్_మరేనండి | జూన్ 11
సంబంధాలు చూసేవాళ్లడిగినా జిరాక్సేనాండీ?

లేసు_అరుగు | జూన్ 12
చెల్లీ, నీ 7 గంటల రూలుకి సరిపడే పని లేసు అల్లిక. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏటికి ఇవతల సఖినేటిపల్లి, రాజోలు వైపూ అల్లేవాళ్లున్నారు. వంటలయ్యాక మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఏదో ఒక అరుగు మీద నలుగురైదుగురు చేరతారు. చేతిలో సూది ఉంటే ఎవరింటి అరుగు మీదైనా చోటిస్తారు. ఊరికే వెళితే "ఏం పనమ్మా" అంటారు.

20 నంబరు నూలు దారం, 1.25 మిల్లీమీటర్ల కొక్కెం సూది కొనుక్కో. రెండూ కలిపి నీ 500లో చిన్న ముక్క. మొదటివారం గొలుసు కుట్టు ఒక్కటే, మూరెడు మూరెడు అల్లి విప్పెయ్. దారం ఎడమ చేతి చూపుడు వేలి మీంచి ఒకే బిగువుతో జారాలి. కొత్తలో అందరూ బిగించేస్తారు, తర్వాతి వరసలో సూది దూరదు. ఆ తర్వాత గుండ్రటి ప్లేటు. పొట్టి కుట్టయితే వరసకి 6 చొప్పున, పొడుగు కుట్టయితే 12 చొప్పున పెంచుకుంటూ పోవాలి. తక్కువ పెంచితే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే జాకెట్టు కుచ్చులా లేస్తుంది. వరస చివర లెక్కపెట్టడం మానకు, కబుర్లలో పడితే తప్పేది అక్కడే.

ఇసుకమేట | జూన్ 12
@లేసు_అరుగు, ఆర్డరు అల్లిక ముక్క లెక్కన ఇచ్చే కూలి చెప్పకుండా పిల్లని దింపకండి. గంటలు చూస్తే చాలా తక్కువ.

లేసు_అరుగు | జూన్ 12
డబ్బు కోసమని నేనన్లేదు. ఆర్డరు పట్టొద్దనే చెబుతున్నా, పడితే గడువు తప్ప కబుర్లుండవు. ఆ పిల్ల అడిగింది మనుషుల్ని.

వికీచీమ | జూన్ 12
ఫోను ఎలాగూ చేతిలో ఉంది కదా. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పుటలు దిద్దొచ్చు. ఖాతా తెరిచి ఏదైనా సూచిక తీస్తే పుటల నంబర్లు రంగుల్లో కనిపిస్తాయి. ఎరుపు దిద్దనిది, పసుపు ఒకసారి దిద్దింది, ఆకుపచ్చ రెండో మనిషి సరిచూసింది. నువ్వు పసుపు చేసిన పుటని నువ్వే ఆకుపచ్చ చెయ్యలేవు, ఇంకొకరు చూడాల్సిందే. మాటలు మొదలయ్యేది ఆ ఇంకొకరితోనే. ఒక పక్క స్కాను బొమ్మ, ఒక పక్క యంత్రం చదివిన అక్షరాలు. ధ, థ తారుమారవుతాయి, ప కాస్తా వ అవుతుంది, అరసున్న ఎగిరిపోతుంది. పాత పుస్తకంలో అరసున్న, బండి ఱ ఉంటే ఉన్నట్టే ఉంచాలి, మన కాలానికి మార్చకూడదు. పంక్తి చివర విరిగిన మాట కలపాలి. పైనుండే పుస్తకం పేరు, పుట నంబరు శీర్షికలోకి పోవాలి, పాఠంలో ఉండకూడదు. కొత్తలో పుటకి పావుగంట పడుతుంది.

పంటు_రేవు | జూన్ 12
గదిలోంచి బయటపడే దారి అడిగితే గదిలో ఇంకో గది చూపించారు.

వికీచీమ | జూన్ 12
@పంటు_రేవు, వికీపీడియాలో రచ్చబండ అని పేజీ ఉంది. సమావేశాల కబుర్లు అక్కడే పెడతారు. పైగా ఊరి పేజీలకి ఫోటోలు కావాలి. ఊళ్లోని గుడి, చెరువు, బడి, రేవు సొంతంగా తీసి వికీ ఫోటోలు దాచే కామన్స్‌లోకి ఎక్కించాలంటే బయట తిరగాలి, ఇదెప్పటి గుడని పూజారిగారిని అడగాలి. ఫోటోలు నువ్వు తీసినవే అయ్యుండాలి, వాట్సాప్‌లో వచ్చినవి పెడితే తీసేస్తారు.

నోటరీ_గుమ్మం | జూన్ 12
కబుర్లలో కాయితాలు మర్చిపోకండి. టీసీ, ఒరిజినల్ మెమో ఇప్పుడే కాలేజీ నుంచి తెచ్చుకోవాలి. వచ్చే ఏడాది వెళితే గుమాస్తా మారిపోయుంటాడు. చేరేటప్పుడు కాలేజీ గ్యాప్ అఫిడవిట్ అడగొచ్చు. స్టాంపు పేపరు మీద పేరు, హాల్‌టికెట్ నంబరు, పాసైన నెల, సంవత్సరం, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా ఖాళీ, ఈ కాలంలో ఎక్కడా చేరలేదన్న మాట, కింద నోటరీ. కారణం ఒక్క వాక్యం చాలు. పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఇప్పుడే రాయించొద్దు, చేరే ముందు రాయించండి. లేకపోతే అందులో తేదీలు చాలవు, మళ్లీ ఖర్చు.

నాలుగుచక్రాలు | జూన్ 12
18 నిండాయా? అయితే ఎల్‌ఎల్‌ఆర్ (బండి నేర్చుకునే లైసెన్సు) తీసెయ్. ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక లైసెన్సు పరీక్షకి వెళ్లొచ్చు. తర్వాత డిగ్రీ, ఉద్యోగం అంటే పక్కకిపోతుంది. స్కూటీ పరీక్షలో ఎనిమిది అంకెలా తిరిగేటప్పుడు కాలు కింద పెట్టారా, అయిపోయిందే.

మెరకతోట | జూన్ 12
18 ఏప్రిల్లో నిండాయి. @లేసు_అరుగు అక్కా, ఈ వారమే దారం కొంటా. ఒక సందేహం, నెలకి 500లో కడియం నాలుగుసార్లు వెళ్లొస్తే బస్సుకే అయిపోదూ?

పంటు_రేవు | జూన్ 12
తల్లీ, నీకు బస్సు ఖర్చెక్కడిది! 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి ఉందిగా. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి ఉచితం. ఆధార్ చూపించి సున్నా టికెట్ అడిగి తీసుకోవాలి, ఉచితమే కదా అని టికెట్ లేకుండా కూర్చోకు. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం డబ్బులే. రాజమండ్రి ఎక్స్‌ప్రెస్ కడియపులంకలో ఆపుతారో లేదో ఎక్కేముందే కండక్టర్ని అడుగు. అన్నట్టు, సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు మీద ఆ టికెట్ చెల్లదు.

పోటూపాటూ | జూన్ 13
బస్సు మీద కోరంగి మడ అడవికి కూడా వెళ్లొచ్చు. అమలాపురం నుంచి యానాం మీదుగా కాకినాడ వెళ్లే బస్సు దారిలోనే. ఇప్పుడు కాదు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వలస పక్షులు దిగాక. అప్పటిదాకా మీ ఊరి చేలగట్ల మీద చెయ్యి సాధన చెయ్యి. ఈబర్డ్ యాప్ పెట్టుకుని 15 నిమిషాలు ఒకే చోట నిలబడి కనిపించిన, వినిపించిన ప్రతి పిట్టా రాయాలి. కాకులూ గోరింకలూ వదిలేసి లకుముకిపిట్ట ఒక్కటే రాస్తే ఆ జాబితా లెక్కకి పనికిరాదు. అంకె ఉజ్జాయింపుగానైనా వెయ్యి. గుంపు పెద్దదైతే పదింటిని కంటితో విడదీసి, అలాంటివి ఎన్ని ముక్కలున్నాయో చూడు. నత్తగుల్ల కొంగకీ మామూలు కొంగకీ తేడా ముక్కు. నత్తగుల్ల కొంగది మూసినా మధ్యలో సందుంటుంది.

కోరంగిలో వేళ ముఖ్యం. పాటు మీద నీళ్లు లాగి బురద తేలితే పిట్టలు మేతకి దిగుతాయి. పోటు మీద వెళితే మడచెట్లు, నీళ్లు, పక్కన సెల్ఫీలు. పాటు వేళ రోజుకి ముప్పావుగంట పైనే జరుగుతుంది, పోయినవారం వేళకి ఈ వారం వెళితే దెబ్బతింటావు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్క. గణనకి జట్టులో ఒకరు దుర్భిణీ, ఒకరు పుస్తకం. కొత్తవాళ్లకి రాత పనిస్తారు. ఆ రాత పనే మంచిది, అందరూ నీతోనే మాట్లాడాలి. దుర్భిణీ కొనకు, కొనాల్సొస్తే 8×42, అంతకంటే పెద్దవి చేతిలో వణుకుతాయి.

ఆయ్_మరేనండి | జూన్ 13
15 నిమిషాలు చేలో కదలకుండా నిలబడితే మా ఊళ్లో దిష్టిబొమ్మ అనుకుని పిట్టలే రావండి.

సార్వాదాళ్వా | జూన్ 13
అందరూ ఎండాకాలం బుర్రతో చెబుతున్నారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ తిరుగుడు గోదారి చేతిలో ఉంటుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మొదటిదానికే లంకల్లోకి నీళ్లు చూస్తాయి, కాజ్‌వేలు మునుగుతాయి. రెండోది పడితే ఏటిగట్టు మీద సైకిలు తొక్కుతూ ఫోటోలని వెళ్లకు, గట్టు అంచు లోపల నానుంటుంది.

సాయం చెయ్యాలనుంటే పడవెక్కడం కాదు. ఇప్పుడే మీ పక్క లంకలో ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో కలిసి వీధుల వారీగా జాబితా రాయి: నెలలు నిండినవాళ్లు, మంచం మీదున్నవాళ్లు, బీపీ సుగర్ మాత్రలు ఏవి ఎన్ని రోజులకి సరిపడా ఉన్నాయి, ఎన్ని పశువులు. మాత్ర పేరు వాళ్లు చెప్పింది రాయొద్దు, అట్ట చూసి రాయి. నీళ్లొచ్చాక జనం అన్నం పొట్లాలే తెస్తారు. మాత్రలు, పశువుల మేత ఎవరికీ గుర్తుండవు. రెండు వారాలు వీధివీధీ తిరిగావంటే ఆ ఊళ్లో నువ్వు తెలియనివాళ్లుండరు.

గ్రంథాలయం_బల్ల | జూన్ 13
@సార్వాదాళ్వా, ఇదైతే నా లైబ్రరీ కంటే నయం. ఒప్పుకున్నా.

పరిషత్తు_తెర | జూన్ 13
నాటికలకి ఆడపిల్లలు దొరక్క నాటక పరిషత్తులవాళ్లు తల పట్టుకుంటున్నారు. గంట నాటిక, నెల రిహార్సలు. నటించక్కర్లేదు, ప్రాంప్టింగ్ చెయ్యొచ్చు. ప్రతిలో ఎవరెక్కడ ఆగుతారో పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆగిన రెండు క్షణాల తర్వాతే మొదటి మాట అందించాలి. తొందరపడితే నటుడి విరామం చంపేసినట్టే.

మెరకతోట | జూన్ 13
రిహార్సళ్లు ఎన్నింటికండీ?

పరిషత్తు_తెర | జూన్ 13
రాత్రి 8కి... అవునవును, 7 రూలు. ఆదివారం పగలు చేసే జట్టు ఉంటే చెబుతా. అమ్మనో నాన్ననో కూడా తీసుకురా, కుర్చీలున్నాయి.

రక్తనిధి | జూన్ 13
18 దాటింది కాబట్టి రక్తదానం కూడా. బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. హిమోగ్లోబిన్ చాలకపోతే వెనక్కి పంపుతారు, చిన్నబోకండి. శిబిరంలో రక్తం ఇవ్వకపోయినా పేర్లు రాసే బల్ల దగ్గర మనిషి కావాలి.

ఇసుకమేట | జూన్ 13
ఒకేసారి అన్నీ నెత్తిన వెయ్యకండి. అమ్మాయ్, రెండు పట్టుకో: ఒకటి ఊళ్లోదే, రోజూ ఉండేది. ఇంకోటి బస్సెక్కేది, వారానికొకసారి. ఎనిమిది మొదలెట్టి జూలైకి సున్నా అవడం అందరూ చేసేదే.

మెరకతోట | జూన్ 13
సరే. ఊళ్లో లేసు, వారానికోసారి కడియం. గాలి అంట్లు రేపే కడతా. లంక జాబితా నాన్నని అడిగి చెబుతా.

మెరకతోట | జూలై 6
@లేసు_అరుగు అక్కా, పొడుగు కుట్టే, 12 చొప్పునే పెంచుతున్నా. నాలుగో వరస దాకా బల్లపరుపుగా ఉంది, ఐదో వరసలో అంచు పైకి లేస్తోంది. లెక్క 60 వచ్చింది.

లేసు_అరుగు | జూలై 6
12, 24, 36, 48, 60. లెక్క సరే. అయితే బిగువు. ఐదో వరస కబుర్లు వింటూ అల్లావా? మనసు మాట మీదుంటే చెయ్యి బిగుస్తుంది. ఆ వరస ఒక్కటే విప్పి, 1.5 సూదితో అల్లు. పెంచే కుట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడకుండా వరస వరసకి కాస్త జరుపు, లేకపోతే ప్లేటు గుండ్రంగా రాదు, పలకలు తేలుతుంది.

మెరకతోట | జూలై 6
కబుర్లే అక్కా. రేవు పక్క అరుగు మీద ఆరుగురం కూర్చుంటున్నాం, నవ్వకుండా అల్లడం కుదరట్లేదు. లంకలో రెండు వీధుల జాబితా అయింది. @సార్వాదాళ్వా గారూ, అట్ట పారేసి మాత్రలు డబ్బాలో పోసుకున్నవాళ్లవి ఎలా రాయాలి?

సార్వాదాళ్వా | జూలై 6
డాక్టరు చీటీ ఉంటే ఫోటో తియ్యి. చీటీ కూడా లేకపోతే ఏ షాపులో కొంటారో రాయి, షాపతనికి గుర్తుంటుంది. రంగు చూసి నువ్వు ఊహించకు.

మెరకతోట | ఆగస్టు 3
@కడియం_అంట్లు అంకుల్, జూన్ 14న కట్టినవి, 50 రోజులు. మూడింట్లో ఒకటి ఎండిపోయింది. రెండోదాంట్లో కవరు లోపల తెల్లటి వేళ్లు కనిపిస్తున్నాయి. మూడోదాంట్లో ఏమీ లేవు, ఒలిచిన చోట బెరడు లావెక్కింది. నర్సరీ అక్కలు కోసెయ్యమంటున్నారు, మా నాన్న ఆగమంటున్నారు.

కడియం_అంట్లు | ఆగస్టు 3
ఎండింది లోతుగా గాటు పడినట్టుంది, బెరడుతో పాటు కొయ్య కూడా తెగుంటుంది. మూడోది విప్పి చూడు. ఒలిచిన చోటు పై అంచున గడ్డలా కడితే వేళ్లొస్తాయి, మళ్లీ కట్టెయ్. కింది బెరడూ పై బెరడూ కలిసిపోతే పొర మిగిల్చావన్నమాట, ఇంకో కొమ్మ చూసుకో. రెండోదానికి ఇప్పుడే చాకు పెట్టకు, ఈసారికి మీ నాన్న మాటే కరెక్టు. తెల్ల వేళ్లు పట్టుకుంటే విరుగుతాయి. ఇంకో పదిరోజులాగితే గోధుమరంగు తిరిగి కొమ్మలేస్తాయి. అప్పుడు ముద్ద కింద కోసి, సగం ఆకులు తుంచి, సంచిలో పెట్టి మూడు వారాలు నీడనుంచు. కవరు విప్పేటప్పుడు లాగొద్దు, నీళ్లలో ముంచి విప్పు.

ఆయ్_మరేనండి | ఆగస్టు 3
కాయ కాశాక మాకో రెండు జాంపళ్లండీ, ఆయ్.